భూమి రొద: యంత్రదోషమా, ప్రకృతి విశేషమా?

భూకంపలేఖిని గీసిన కాగితమును మొదటిసారి చూచిన విద్యార్థికి ఒక సందేహము కలుగును. భూకంపము వచ్చినప్పుడు గీత ఎగసిపడుట సహజమే. కాని ఎక్కడను భూకంపము లేని దినమున కూడ ఆ గీత తిన్నగా నుండదు. సన్నని అలలవలె నిరంతరము వణకుచునే యుండును. ఈ వణకు భూమిదా? యంత్రముదా? లేక యంత్రమును నిలిపిన గదిదా?

ప్రశ్న చిన్నదిగా తోచును గాని, దీనికి సమాధానము వెదకుటలో శాస్త్రజ్ఞులు నూటయేబది సంవత్సరములు గడపిరి. కొంత భాగము నేటికిని మిగిలియున్నది. ఈ వణకును భూమి రొద అని పిలువవచ్చును. సంతలోని కలకలమువలె ఇది ఎల్లప్పుడు ఉండును. వినదలచిన మాట అందులో మునిగిపోవును. ఈ రొదలో అనుకోని గుర్తు ఏదైన కనబడినప్పుడు రెండు విధములైన పొరపాట్లకు అవకాశము కలదు. యంత్రదోషమును ప్రకృతి రహస్యమని భ్రమించుట ఒకటి. ప్రకృతి రహస్యమును యంత్రదోషమని పారవేయుట రెండవది. ఈ రెండు పొరపాట్లను తప్పించుకొనుటకు జరిగిన ప్రయత్నములే ఈ శాఖయొక్క చరిత్ర.

నిలువని లోలకము

1870ల దశకములో ఇటలీలోని ఫ్లారెన్సు నగరమున తిమోతెయో బెర్తెల్లి అను క్రైస్తవ మతగురువు వ్రేలాడదీసిన లోలకములను సూక్ష్మదర్శినితో పరిశీలించుచుండెను. ఎవరును తాకకున్నను లోలకము కొద్దిగా కదలుచుండెను. వీధిలో పోవు బండ్లవలన, గాలివలన ఇట్లు జరుగుచున్నదని ఎవరికైనను తోచును. బెర్తెల్లి అంతటితో తృప్తి చెందక, సంవత్సరముల తరబడి వేలకొలది పరిశీలనలు చేసి వాటిని భారమితి అంకెలతో పోల్చి చూచెను. చలికాలములో ఈ కదలికలు అధికమని, వాయుపీడనము తగ్గినప్పుడు అవి పెరుగుచున్నవని తేలెను. బండ్ల రాకపోకలకు వాయుపీడనముతో సంబంధము ఉండదు గదా! కావున ఈ వణకులో కొంత భాగము వీధిది కాదని అతడు గ్రహించెను.

ఇదే కాలమున ఇంగ్లండులో మరియొక ప్రయత్నము జరిగెను. పరిణామవాదమును ప్రతిపాదించిన ఛార్లెస్ డార్విన్ కుమారులు జార్జి, హొరేసు అనువారు చంద్రుని ఆకర్షణవలన లోలకము ఎంత ఒరగునో కొలువదలచిరి. కేంబ్రిడ్జిలో వారు నిర్మించిన పరికరము ఎంత సున్నితమైనదనగా, ఆ గదిలో నిలిచిన మనుష్యుడు ఒక కాలిమీది బరువును రెండవ కాలిమీదికి మార్చినచో నేల ఒరగుట అందులో కనబడెడిది. కాని చంద్రుని ప్రభావము మాత్రము దొరకలేదు. నేల ఎడతెగక కదలుచుండుటచే వెదకిన చిన్న ఒరపు ఆ కదలికలో మునిగిపోయెను. 1881లో వారు తమ వైఫల్యమును దాచక ప్రకటించిరి. కొలవలేకపోయితిమని చెప్పుటతో ఆగక, కొలవనీయకుండ చేసినది ఏదో వివరించుటచే వారి నివేదిక తరువాతివారికి మిక్కిలి ఉపయోగపడెను.

రెండు ఊళ్ళలో ఒకే గుర్తు

జర్మను శాస్త్రజ్ఞుడు ఎర్న్‌స్ట్ ఫాన్ రెబియర్-పాష్‌విట్జ్ కూడ చంద్రసూర్యుల ఆకర్షణవలన కలుగు ఒరపును కొలుచుటకే అడ్డుగా కదలు లోలకమును నిర్మించెను. దాని కదలికలు ఫొటోగ్రాఫు కాగితముమీద నమోదగుచుండెడివి. 1889 ఏప్రిల్ 17వ తేదీన ఆ కాగితముమీద కారణము తెలియని పెద్ద కదలిక కనబడెను. యంత్రము ఒక్కటే యుండినచో ఎవరో తగిలినారని, తంతి జారినదని అనుకొని వదలివేయుటకు అవకాశముండెడిది. కాని అతని లోలకములు రెండు ఊళ్ళలో నుండెను. ఒకటి పాట్స్‌డామ్‌లో, మరియొకటి దూరమున సముద్రతీరముననున్న విల్‌హెల్మ్స్‌హావెన్‌లో. రెండింటను అదే సమయమున అట్టి గుర్తే యుండెను. ఒకే దినమున, ఒకే ఘడియలో రెండు ఊళ్ళ యంత్రములును ఒకే తీరున చెడిపోవునని నమ్ముట కష్టము.

కొన్ని వారములకు ఒక శాస్త్రపత్రికలో ఆ దినముననే టోకియోలో భూకంపము వచ్చినదను వార్త అతని కంటబడెను. కాలములను సరిపోల్చగా సంగతి బోధపడెను. జపానులో పుట్టిన కంపనము భూగోళమును దాటి జర్మనీ చేరినది. దూరభూకంపమును యంత్రము నమోదు చేసినట్లు గుర్తింపబడుట అదే మొదలు. నేటి భూకంపశాస్త్రమంతయు ఆ కాగితముమీది అనుకోని గుర్తునకు ఋణపడియున్నది. అంతకు మించి, ఒక పరీక్షాసూత్రము కూడ దానివలన లభించెను: అనుమానము కలిగించు గుర్తు దూరముననున్న రెండవ యంత్రములో నున్నదా, లేదా అని చూడవలెను.

ఇందుకు విరుద్ధమైన అనుభవము జాన్ మిల్న్‌ది. జపానులో చాలకాలము పనిచేసి, ఇంగ్లండునకు మరలివచ్చి, వైట్ ద్వీపమున కేంద్రము నెలకొల్పిన ఈ భూకంపశాస్త్రజ్ఞుని లేఖనములలో కొన్ని సమయములందు గంటల తరబడి వణకు కనబడుచుండెను. విచారించగా, అందులో చాల భాగము లోలకమును కప్పిన పెట్టెలోని గాలి ఒకవైపు వేడెక్కి, మరియొకవైపు చల్లబడి మెల్లగా తిరుగుటచే కలుగుచున్నదని తేలెను. నేల కదలలేదు, పెట్టెలోని గాలి కదలినది. అనాటి రెబియర్ గుర్తు ప్రకృతిది, మిల్న్ గుర్తు పెట్టెది. కంటికి రెండును వణకులే.

సముద్రము మీదికి అనుమానము

యంత్రములు బాగుపడిన కొలది గాలివలని దోషములు తగ్గెను గాని వణకు పూర్తిగా పోలేదు. దాదాపు ఐదారు సెకన్లకొకసారి ఊగు సన్నని కదలిక అన్ని దేశముల కాగితములపైనను నిలిచియుండెను. దీనికి మైక్రోసీజములు, అనగా సూక్ష్మకంపములు అని పేరు. సాధారణముగ వీనివలన నేల కదలునది మిల్లీమీటరులో వెయ్యవ వంతు, లేక అట్టివి కొన్ని వంతులు మాత్రమే.

1904లో గాటింగెన్ ఆచార్యుడు ఎమిల్ వీఖర్ట్ ఒక ఊహను ప్రతిపాదించెను. సముద్రపు అలలు నిటారుగానున్న తీరమునకు కొట్టుకొనుటచే నేల అదరుచున్నదని, ఆ అదురే ఖండాంతర్భాగములకు ప్రాకుచున్నదని అతని భావము. అతని శిష్యుడైన బెనో గూటెన్‌బర్గ్ ఈ విషయముమీదనే తన పరిశోధనా వ్యాసమును వ్రాసెను. ఊహ సుందరముగా నుండెను గాని చిక్కొకటి మిగిలెను. తుపాను నడిసముద్రమున నున్నప్పుడు కూడ సూక్ష్మకంపములు పెరుగుచుండెను. తీరమును ఇంకను తాకని అల నేలను ఎట్లు అదిలించును?

ఈ చిక్కును మన దేశమునుండి స్పష్టముగ చూపినవాడు సుధాంశు కుమార్ బెనర్జీ. బొంబాయిలోని కొలాబా పరిశీలనాలయములో అతడు అనేక సంవత్సరముల లేఖనములను పరిశీలించి, భారత సముద్రములలోని వాతావరణ క్షోభకును సూక్ష్మకంపములకును గల సంబంధమును గూర్చి 1930లో లండను రాయల్ సొసైటీ పత్రికలో విపులమైన వ్యాసము ప్రకటించెను. నైరుతి ఋతుపవనములు బలముగా వీచునప్పుడు వణకు పెరుగును. అరేబియా సముద్రమునగాని, బంగాళాఖాతముననగాని తుపాను లేచినప్పుడు, అది ఇంకను నీటిమీద నుండగనే, బొంబాయి యంత్రములో ఆ జాడ తెలియును. అనగా బంగాళాఖాతముపై రేగిన గాలివాన సంగతి ద్వీపకల్పము నడుమనున్న రాళ్ళ గుండా పడమటి తీరమునకు చేరుచున్నదన్నమాట.

ఆ దినములలో ఉపగ్రహములు లేవు. నడిసముద్రముననున్న తుపానును గూర్చి తెలుపవలసినది దైవవశమున ఆ దారిన పోవు ఓడలే. తూర్పు తీరమున తుపానుల బాధ ఎట్టిదో తెలిసిన ప్రజలకు ఈ పరిశోధనయొక్క విలువ వేరుగ చెప్పనక్కరలేదు. యంత్రపు రొదగా త్రోసివేయబడిన గీతలో ప్రాణములను కాపాడు హెచ్చరిక దాగియుండవచ్చునని ఆశ కలిగెను. రెండవ ప్రపంచయుద్ధ కాలమున అమెరికా నౌకాదళము కూడ కరీబియన్ ప్రాంతములో ఇట్టి ఆశతోనే భూకంపలేఖినులను నెలకొల్పి తుపానుల జాడ తీయ ప్రయత్నించెను. ఈ పద్ధతి ఒక్కొక్కప్పుడు ఫలించెను, ఒక్కొక్కప్పుడు తప్పెను. తరువాత రాడారులు, విమానములు, ఉపగ్రహములు ఆ పనిని చేపట్టెను. బెనర్జీ 1944లో భారత వాతావరణ శాఖకు అధిపతియయ్యెను. ఆ పదవి నధిష్ఠించిన తొలి భారతీయుడతడే.

సగము కాలపు రహస్యము

అయినను లోతైన సముద్రమున అలల ప్రభావము అడుగునకు ఎట్లు చేరునను ప్రశ్న అట్లే యుండెను. 12 సెకన్ల ఆవర్తన కాలము గల అలయొక్క పొడవు లోతు సముద్రమున సుమారు 225 మీటర్లు. అంత లోతునకు దిగుసరికి ఆ అలవలని పీడనపు హెచ్చుతగ్గులు పైనున్నదానిలో సుమారు 500వ వంతునకు తగ్గిపోవును. నాలుగు వేల మీటర్ల లోతున ఏమి మిగులును? లెక్క ప్రకారము సముద్రగర్భమునకు అల సంగతియే తెలియరాదు.

లెక్క ఒకటి చెప్పుచుండ, కాగితము మరియొకటి చెప్పుచుండెను. ఇట్టి సమయమున ఏ చిన్న ఆధారమునైనను అలక్ష్యము చేయరాదు. ఫ్రాన్సులో పియెర్ బెర్నార్ అనునతడును, 1947లో ఇంగ్లండులో జార్జి డీకన్ అనునతడును సముద్రపు అలల కాలమును, సూక్ష్మకంపముల కాలమును సరిపోల్చి చూచిరి. కార్న్‌వాల్ తీరమున అలలు ఎంత కాలమున కొకసారి వచ్చినవో, లండను దగ్గర క్యూ పరిశీలనాలయమున నేల అందులో సగము కాలమునకే ఊగుచుండెను. అల 12 సెకన్లదైనచో కంపనము 6 సెకన్లది. ఈ సగము ఎక్కడిది?

1950లో మైకేల్ లాంగెట్-హిగిన్స్ అను యువ గణితజ్ఞుడు దీనిని విప్పెను. ఒకే కాలము గల రెండు అలల వరుసలు ఎదురెదురుగ వచ్చి కలిసినచో, నీరు ముందునకు సాగక ఉన్నచోటనే పైకి క్రిందికి ఊగును. ఇవి స్థిర తరంగములు. ఒక్క ఊపులో నీటిమట్టము రెండుమారులు సమతలమగును, రెండుమారులు గుట్టలు గోతులుగ మారును. గుట్టలు గోతులు ఏర్పడినప్పుడెల్ల నీటియొక్క గరిమనాభి కొంచెము పైకి లేచును. సమతలమైనప్పుడెల్ల క్రిందికి దిగును. ఇట్లు ఒక్క ఊపునకు రెండుమారులు మొత్తము నీటి బరువు అడుగుమీద హెచ్చుతగ్గులను కలిగించును. ఈ హెచ్చుతగ్గులు లోతుతో పాటు క్షీణింపవు. సగము కాలమునకును, లోతు సముద్రపు సందేహమునకును ఒక్క సమాధానమే దొరికెను.

వీఖర్ట్ ఊహ కూడ వ్యర్థము కాలేదు. అలల కాలముతో సమానమైన కాలము గల బలహీన కంపనములు కూడ కలవని, అవి తీరమునకు దగ్గరగ లోతు తక్కువైన చోట అలలు ఏటవాలు నేలపై నడచుటచే పుట్టుచున్నవని 1963లో క్లాస్ హాసెల్‌మాన్ గణితముచే చూపెను. తీరమును, నడిసముద్రమును రెండును కారణములే.

వర్ణపటము: కొత్త కన్ను, కొత్త భ్రమలు

తెల్లని కాంతిని పట్టకము రంగులుగ విడదీయునట్లు, కలగలిసిన కంపనమును కూడ దాని వివిధ పౌనఃపున్యములుగ విడదీయవచ్చును. ఏ పౌనఃపున్యమున ఎంత శక్తి కలదో చూపు రేఖాచిత్రమే రొదయొక్క వర్ణపటము. పూర్వము కాగితముమీది గీతను కంటితో చూచి కాలమును లెక్కించెడివారు. కంప్యూటరులు వచ్చిన పిదప అంకెలనుండి వర్ణపటమును గీయుట సులభమయ్యెను. సముద్రమువలని రెండు శిఖరములు, ఒకటి సుమారు 12 నుండి 16 సెకన్ల వద్ద, రెండవది 5 నుండి 8 సెకన్ల వద్ద, ప్రపంచమంతట కనబడును. 1993లో అమెరికా భూగర్భ పరిశోధన సంస్థకు చెందిన జాన్ పీటర్సన్ 75 కేంద్రముల వర్ణపటములను పరిశీలించి, అతి నిశ్శబ్ద స్థలమున ఉండదగిన కనిష్ఠ రొదను, అధిక రొద గల స్థలపు హద్దును రెండు వక్రరేఖలుగ గీచెను. వైద్యుడు రోగి జ్వరమును సాధారణ ఉష్ణోగ్రతతో పోల్చునట్లు, నేడు ఏ కొత్త యంత్రమును నెలకొల్పినను ఈ రేఖలతో పోల్చుదురు. గీత కనిష్ఠ రేఖకు క్రింద పడినచో ఆ కేంద్రము చాల ప్రశాంతమైనదని సంతోషింపరాదు. యంత్రము మూగబోయినదేమో, దాని సున్నితత్వమును తప్పుగ లెక్కించితిమేమో విచారింపవలెను.

వర్ణపటము కొత్త కన్నువంటిది గాని కొత్త భ్రమలను కూడ తెచ్చిపెట్టెను. వానిలో మూడింటిని తెలిసికొనుట విద్యార్థులకు ఉపయోగకరము.

మొదటిది లెక్కింపు భ్రమ. సినిమాలో వేగముగ పోవు బండిచక్రము వెనుకకు తిరుగుచున్నట్లు కనబడుట అందరును చూచినదే. కెమెరా సెకనుకు కొన్ని బొమ్మలు మాత్రమే తీయుటచే ఇట్లగును. అట్లే యంత్రము సెకనుకు 20 కొలతలు తీయునదైనచో, సెకనుకు 21 మారులు అదరు మోటారు వర్ణపటములో సెకనుకు ఒక్క మారు ఊగునదిగ కనబడును. లేని కంపనము ఉన్నట్లు తోచును. దీనిని పట్టుకొను ఉపాయము సులభము. కొలతల సంఖ్యను 18కి మార్చినచో ఆ దొంగ శిఖరము ఒకటినుండి మూడునకు జరుగును. నిజమైన భూకంపనము మన కొలతలనుబట్టి చోటు మార్చుకొనదు. ఇట్టి వేగపు కంపనములను కొలతకు ముందే వడగట్టుట దీనికి నివారణము.

రెండవది క్రమముగ వచ్చు చిన్న తట్టు. ఏ విద్యుత్ మార్గమునుండియో సెకనుకొకసారి చిన్న తట్టు సంకేతములో కలిసినచో, వర్ణపటములో ఒక్క శిఖరము కాదు, సెకనుకు 1, 2, 3, 4 అను పౌనఃపున్యముల వద్ద దువ్వెన పండ్లవలె వరుస శిఖరములు లేచును. ప్రకృతి ఇంత ఖచ్చితముగ గడియారమును అనుసరించుట అరుదు. పూర్ణాంకముల వద్ద సమానదూరమున నిలిచిన శిఖరములను చూడగనే విద్యుత్ మార్గములను అనుమానింపవలెను.

మూడవది ఒక్కసారి వచ్చిన కుదుపు. యంత్రమున లోహపుముక్క ఒకటి చలికి ముడుచుకొని టక్కున జారినచో, ఆ ఒక్క కుదుపే వర్ణపటమంతట పరచుకొని రొద నిరంతరము అధికముగ నున్నట్లు చూపును. దీనికై 2004లో మెక్‌నమారా, బులాండ్ అను శాస్త్రజ్ఞులు ఒక పద్ధతిని సూచించిరి. ఒకే వర్ణపటముతో తృప్తిపడక, ఒక్కొక్కటి ఒక గంట నిడివిగల వేలకొలది వర్ణపటములను గీచి, ఏ స్థాయి ఎన్ని మారులు వచ్చినదో లెక్కింతురు. ఎప్పుడో వచ్చిన కుదుపు, ఎల్లప్పుడు ఉండు రొద అప్పుడు విడివడి కనబడును.

ఇవిగాక మానవుని రొద వేరు. బండ్లు, యంత్రములు, నడకలు సెకనుకు ఒకటికంటె ఎక్కువ పౌనఃపున్యములలో నేలను అదిలించును. పగలు పెరిగి రాత్రి తగ్గుట, సెలవు దినమున సన్నగిల్లుట దీని లక్షణము. 2020లో అంటువ్యాధివలన దేశదేశములు తలుపులు మూసికొన్నప్పుడు 268 కేంద్రముల లేఖనములను పరిశీలింపగా ఈ రొద సగము వరకు తగ్గినట్లు కనబడెను. కారణమును తొలగించినప్పుడు ఫలితము కూడ తొలగుట కంటె గట్టి ఋజువు మరియొకటి లేదు.

అణుపరీక్షలును, రొదయును

రొదను గూర్చిన ఈ విచారము పండితుల వినోదము మాత్రమే కాదు. 1958లో జెనీవాలో సమావేశమైన నిపుణులకు ఎదురైన ప్రశ్న ఇది: భూగర్భమున రహస్యముగ జరుపు అణుపేలుడును దూరమునుండి కనిపెట్టగలమా? చిన్న పేలుడుయొక్క సంకేతము రొదలో మునిగిపోవును. రొద ఎంత యున్నదో, ఎందుచేత నున్నదో తెలియనిచో నిషేధపు ఒడంబడికను ఎవరును నమ్మరు. దీని ఫలితముగ 1960ల దశకములో ఒకే తీరు యంత్రములు గల సుమారు 120 కేంద్రములు ప్రపంచమంతట వెలసెను. 1965లో మన హిందూపురమునకు సమీపముననున్న గౌరీబిదనూరు వద్ద అనేక యంత్రములను బారులు తీర్చి నెలకొల్పిరి. ఒకే దిక్కునుండి వచ్చు కంపనము అన్ని యంత్రములలో వరుసగ కనబడును. స్థానిక రొద మాత్రము ఒక్కొక్క చోట ఒక్కొక్క తీరుగ నుండును. కాలభేదమును సరిదిద్ది 16 యంత్రముల సంకేతములను కూడినచో, ఒకదానితో ఒకటి పొసగని రొద సంకేతముతో పోల్చగా నాలుగవ వంతునకు తగ్గును.

ఇరువదియారు సెకన్ల శిఖరము

ఇట్లు యంత్రములు ఒకే తీరుగ నుండుట, అవి లోకమంతట వ్యాపించుట ఒక వింతను బయటపెట్టెను. అమెరికా శాస్త్రజ్ఞుడు జాక్ ఆలివర్ 1961 జూన్ 6వ తేదీ లేఖనములను చూచుచుండగా సుమారు 27 సెకన్లకొకసారి ఊగు దీర్ఘ తరంగములు కొన్ని గంటలపాటు అనేక ఖండముల కేంద్రములలో కనబడెను. మామూలు అలలకు అంత దీర్ఘకాలముండదు. భూకంపమేదియు జరుగలేదు. అవి ఒక్కొక్క కేంద్రమునకు చేరిన దిక్కును, కాలమును పరిశీలించి, వాని పుట్టుక ఆఫ్రికా పడమటి తీరముననున్న గినీ సింధుశాఖ ప్రాంతమని 1962లో అతడు ప్రకటించెను.

తరువాత చాలకాలము ఈ సంగతిని అంతగా ఎవరును పట్టించుకొనలేదు. 1980లో అమెరికాలోని ఆల్బుకర్కీ ప్రయోగశాలకు చెందిన గారీ హోల్కొంబ్ వర్ణపటములో 26 సెకన్ల వద్ద సూదిమొనవంటి సన్నని శిఖరమును చూపెను. ఇంత సన్నని శిఖరము యంత్రదోషమునకే తగినట్లుండును. సముద్రపు రొద వెడల్పైన గుట్టవలె నుండును గాని సూదివలె నుండదు. కాని ఇదివరలో చెప్పిన పరీక్షలను ప్రయోగించి చూడుడు. ఈ శిఖరము ఒక్క యంత్రమున కాదు, దూరదూర కేంద్రములలోను కనబడెను. పూర్ణాంకముల దువ్వెన వెంట లేదు. పగటికి రాత్రికి భేదము లేదు. దక్షిణార్ధగోళమునకు చలికాలమైనప్పుడు బలపడెను. కావున అది నిజముగ భూమి కదలికయే.

2005 ప్రాంతమున కొలరాడో విశ్వవిద్యాలయ పరిశోధకులు రొదనే సాధనముగ చేసికొని భూగర్భమును శోధించుచుండిరి. రెండు కేంద్రముల రొదను దీర్ఘకాలము పోల్చినచో, కంపనము ఒకదానినుండి రెండవదానికి పోవుటకు పట్టు కాలము తెలియును. కాని వారి లెక్కలలో ఆ కేంద్రముల దూరముతో ఏ మాత్రమును పొసగని అదనపు సంకేతమొకటి తలయెత్తెను. దానిని చెరిపివేసినచో పని ముగియును. నికొలాయ్ షపీరో, అతని సహచరులు చెరిపివేయక ముందు దాని ఊరు పేరు విచారించిరి. ఒక్కొక్క జంట కేంద్రములకు ఆ సంకేతము చేరిన కాలభేదమునుబట్టి భూగోళముమీద ఒక్కొక్క వక్రరేఖ గీయవచ్చును. ఆ రేఖలన్నియు గినీ సింధుశాఖలోని బోనీ అఖాతము దగ్గర కలిసెను. ఆలివర్ చూపిన ప్రాంతమే అది! 2006లో ఈ ఫలితము వెలువడెను.

అక్కడ ఏమున్నది? అలలు తీరపు నేలతో ప్రత్యేకముగ పొసగి అనునాదము కలిగించుచున్నవని కొందరందురు. సమీపమున అగ్నిపర్వత ద్వీపములు కలవు గనుక భూగర్భములోని ద్రవముల కదలికయే కారణమని మరికొందరందురు. 2023లో హాంబర్గు పరిశోధకులు అదే చోటునుండి, కాలము గడచిన కొలది పౌనఃపున్యము మెల్లగ జరుగుచు, దినముల తరబడి సాగు కంపనములను కూడ ప్రకటించిరి. వివాదము ఇంకను తీరలేదు. చోటు తెలిసినది; కారణము తెలియవలసియున్నది.

కుజగ్రహముమీద అదే విచారణ

2018 నవంబరు 26న ఇన్‌సైట్ అను నౌక కుజగ్రహముమీద దిగెను. దాని భూకంపలేఖిని 2022 వరకు పనిచేసెను. అక్కడికి పోయి తీగను కదలించి చూచుటకు ఎవరును లేరు. రెండవ యంత్రమును ప్రక్కన పెట్టు అవకాశమును లేదు. వర్ణపటమును చూచియే నిజానిజములను తేల్చవలసివచ్చెను. సెకనుకు ఒకటి, రెండు, మూడు అను పౌనఃపున్యముల వద్ద నిలిచిన దువ్వెన శిఖరములు యంత్రపు స్థితిగతులను సెకనుకొకసారి చదువు విద్యుత్ మార్గమువలన వచ్చినవని తేలెను. సెకనుకు 4 ప్రాంతమున గాలితో పెరిగి, ఉష్ణోగ్రతతో చోటు మార్చుకొను శిఖరము నౌకయొక్క ఊపు. కాని 2.4 వద్దనున్న శిఖరము గాలి హెచ్చినను అంతగా పెరుగక, కుజకంపము వచ్చినప్పుడు పెరుగుచుండెను. కావున అది నౌకది కాదు, కుజుని నేలది అని శాస్త్రజ్ఞులు భావించిరి. ఫ్లారెన్సులో లోలకమునకును భారమితికిని పోలిక చూచిన పద్ధతియే కోట్ల కిలోమీటర్ల దూరమున మరల అక్కరకు వచ్చెను.

పాఠశాలలో ఒక పరీక్ష

పాఠశాలలో ఈ విచారణను చూపుటకు గొప్ప పరికరములు అక్కరలేదు. పొడవైన దారమునకు బరువు కట్టి, దాని మొనక్రింద గళ్ళ కాగితమును పరచి, భూతద్దముతో చూడవచ్చును. మొన కదలినప్పుడు విద్యార్థులను కారణము అడుగుడు. పంకాను ఆపించుడు. తలుపు మూయించుడు. నడచువారిని నిలుపుడు. దారమును గాజుగొట్టములో నుంచి మరల చూడుడు. వేరొక గదిలో రెండవ లోలకమును వ్రేలాడదీసి రెండును ఒకేసారి కదలుచున్నవో, లేదో వ్రాయించుడు. చేతిఫోనులోని త్వరణమాపకము ఉన్నచోట అదియు పనికివచ్చును. ఫోనును బల్లమీదను, పిదప నేలమీదను ఉంచినచో బల్లయొక్క వణకు ఏదో, నేలది ఏదో కొంతవరకు విడివడును.

ఒక్కొక్క మార్పునకు ముందు ఏమి జరుగునో విద్యార్థి ఊహించి వ్రాయవలెను. పిదప చూచినదానిని ప్రక్కన వ్రాయవలెను. అన్ని కారణములను తొలగించిన పిదప కూడ మొన కదలినచో ఆ కదలికను పుస్తకమునుండి కొట్టివేయనీయరాదు. తేదీ, సమయము, వాతావరణము వ్రాసి ఉంచవలెను. రెబియర్ కాగితముమీది గుర్తునకు అర్థము కొన్ని వారములకు దొరికెను. ఆలివర్ చూచిన అలలు పుట్టిన చోటు నలువదినాలుగు ఏండ్లకు స్థిరపడెను. రెబియర్ కాగితము భద్రముగ నుండుటచేతనే దాని అర్థమును తెలిసికొనుట సాధ్యమయ్యెను.